నిద్దరదిబ్బలో డోర్కస్ బిడ్డ

డోర్కస్ స్లోపర్‌కి ఆ కబురు రాళ్ళ చేలో తెలిసింది.

1861వ సంవత్సరం, ఏప్రిల్ నెల. గేల్ కామందు పైచేలో ఐదుగురు ఆడవాళ్ళు నడుములు వంచి వరసగా చెకుముకి రాళ్ళు ఏరుతున్నారు. ఇంగ్లండులోని ఎల్‌కూంబ్ ఊరు మొత్తం సుద్దగుట్టల మీదే ఉంది. నాగలి దిగిన ప్రతిసారీ ఆ సుద్దలోంచి రాళ్ళు పైకి తేలతాయి. వాటిని ఏరి, గోనెపట్టా కట్టుకున్న ఒళ్ళో నింపుకుని, గట్టు మీద కుప్పపోస్తే, బండి వచ్చి ఎత్తుకుపోయి రోడ్లకి పరుస్తుంది. పదేళ్ళ వయసునుంచీ డోర్కస్ చేస్తున్న పని అదే. ఇప్పుడామెకి ముప్పై ఎనిమిది. వేళ్ళ చివర్ల పగుళ్ళు ఏ ఏడాదీ పూర్తిగా మానవు. ఆ జిల్లాలో దొరల బగ్గీలు కుదుపు లేకుండా పోతున్నాయంటే ఆ చక్రాల కింద ఆమె నడుము కూడా కొంత ఉంది.

బండి తోలుకొచ్చినవాడు జేబెజ్. అరవై దాటినా నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగినవాడు. కుప్ప దగ్గర గుర్రాన్ని ఆపి, కబురు మోసుకొచ్చిన గొప్పతో కాసేపు నిలబడ్డాడు.

"విన్నారా అమ్మలూ, చర్చి అయ్యగారు ఈసారి మన నిద్దరదిబ్బ మీద పడ్డాడు. వచ్చే సోమవారంనించి తవ్వకం. నేనూ, నీ మొగుడూ పలుగు పట్టాలంట, డోర్కసూ."

పడుకున్నవాళ్ళు ఆయన్నేం చేశారని అడిగిందొకామె.

"చర్చికి దశమభాగం ఇయ్యకుండా పడుకున్నారుగా. లేపి అడుగుతాడు."

ఆడవాళ్ళు నవ్వారు. డోర్కస్ కూడా నవ్వబోయింది. చేతిలోంచి గోనెపట్టా అంచు జారి, ఒళ్ళో రాళ్ళన్నీ పాదాల మీద పడ్డాయి. చూసుకోవద్దా అని పక్కామె కసిరింది. డోర్కస్ మళ్ళీ వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

నిద్దరదిబ్బ పైచేనికి ఎగువన, గుట్ట అంచున ఉంటుంది. రెండు నిలువుల ఎత్తున, పచ్చిక కప్పుకుని, బోర్లించిన గిన్నెలా. లోపల పాతకాలం మనుషులు పడుకుని ఉన్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరు, ఎప్పటివాళ్ళు అని ఎవరూ అడగలేదు. ప్రతి ఏడూ రాళ్ళ పని మొదలెట్టేముందు ఆడవాళ్ళు తమకి దొరికిన మొదటి రాయి తీసుకెళ్ళి ఆ దిబ్బ మీద పెట్టి వస్తారు. ఎందుకని అడిగితే, వాళ్ళ నెత్తిన నాగలి తిప్పుతున్నాం కదా, పలకరించకపోతే ఏం బాగుంటుంది అంటారు.

డోర్కస్ ఏటేటా తన రాయిని తూర్పు పక్కన, కిందగా పెడుతుంది. అక్కడ ఆమె కొడుకున్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట, మార్చి నెలలో, నెలలు నిండకుండా పుట్టాడు. పిడికిలంత మొహం. గుక్కపట్టి ఏడవడానికి కూడా ఓపిక లేదు. బతికేలా లేడని తెలిసి, బాప్తిస్మం ఇప్పిద్దామని ఆమె భర్త ఈనస్ చర్చి అయ్యగారింటికి పరిగెత్తాడు. అయ్యగారంటే రెవరెండ్ థొరాల్డ్. ఆయన ఇంట్లో లేడు. పక్క లోయలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఎవరిదో పాత సమాధిదిబ్బ తవ్విస్తున్నాడు. మూడు రోజులదాకా రాడన్నారు. మంత్రసాని పినెల్ అవ్వ ఇంకేం చేస్తుంది, కెటిల్లో గోరువెచ్చటి నీళ్ళు దోసిట్లో పోసుకుని, తనకి గుర్తున్న మాటలు చెప్పి, బిడ్డ నుదుట చల్లి జోయెల్ అని పేరు పెట్టింది. రెండో రోజు సాయంత్రానికి జోయెల్ పోయాడు.

మూడో రోజు అయ్యగారు బండినిండా పెట్టెలతో తిరిగొచ్చాడు. ఈనస్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. థొరాల్డ్ అయ్యగారు గొంతు పెంచే మనిషి కాదు. చాలా జాలిగానే చెప్పాడు. పినెల్ అవ్వ నోట జిన్ను సారా వాసన లేని పూట ఆయన చూడలేదు, అది బాప్తిస్మం కిందికి రాదు. బాప్తిస్మం లేని బిడ్డకి చర్చి నేలలో చోటు లేదు, ప్రార్థన చదవడానికి లేదు, గంట కొట్టడానికి లేదు. ఉత్తరపు గోడ వెనకాల కొంచెం జాగా ఉంది. పొద్దుగూకాక గోతులు తవ్వేవాడు వచ్చి చూసుకుంటాడు.

ఉత్తరపు గోడ వెనకాల ఏముందో ఊరందరికీ తెలుసు. దురదగొండి మొక్కలు, కుళ్ళిన పూలదండలు, కోసి పారేసిన గడ్డి. ఉరేసుకున్నవాళ్ళు ఇద్దరు. డోర్కస్ ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు తెల్లవారుతూనే లేచింది. ఈనస్ పాత అంగీ చెయ్యి ఒకటి కత్తిరించి, బిడ్డని అందులో చుట్టి, పైన ఒక ఇత్తడి పిన్ను గుచ్చింది. రాళ్ళు మోసే గోనెపట్టాలోనే పెట్టుకుని గుట్టెక్కింది. వెనకాల ఈనస్ పార పట్టుకుని నడిచాడు.

"లోపల పడుకున్నోళ్ళకీ బాప్తిస్మం లేదు కదా. వీణ్ణి వద్దనరు," అంది.

చేతి పొడవున గొయ్యి తీసి, తెల్లటి సుద్దపొడి మెత్తగా పరిచి, పడుకోబెట్టి, మళ్ళీ సుద్ద నింపి, తీసిన పచ్చికని అతుకు తెలియకుండా సర్దారు. బిడ్డని ఆమె పుట్టింటి ఊళ్ళో పూడ్చామని అడిగినవాళ్ళకి చెప్పుకున్నారు. దొంగచాటుగా శవాన్ని పాతిపెట్టినందుకు పొరుగూరిలో ఒక పిల్లని రెండేళ్ళు జైల్లో పెట్టారు. నిజం తెలిసిన పినెల్ అవ్వ తర్వాత నాలుగేళ్ళకి పోయింది. ఇంక ఇద్దరే మిగిలారు.

ఆ సాయంత్రం ఈనస్ ఇంటికొచ్చేసరికి డోర్కస్ పొయ్యి ముందు ఉత్తినే కూర్చుని ఉంది. పని ఒప్పుకోనని చెప్పలేవా అని అడగలేదు. ఉంటున్న ఇల్లు గేల్ కామందుది. ఆయన పనికి పొమ్మన్నప్పుడు పోకపోతే శనివారానికల్లా మంచాలూ గిన్నెలూ రోడ్డు మీద ఉంటాయి. తర్వాత ముగ్గురు పిల్లలతో పేదల కొట్టానికి నడవాలి. అక్కడ మొగుణ్ణి ఒక వైపు, పెళ్ళాన్ని ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు పెడతారు. ఇంగ్లండులో పేదవాడికి ఇల్లు అంటే పనికి కట్టిన తాడు, అంతే.

ఈనస్ టీ బదులు మాడ్చిన రొట్టెముక్కలు నానేసిన నీళ్ళు తాగుతూ లెక్క కట్టి చెప్పాడు. అయ్యగారి దగ్గర ఇప్పటికి నాలుగు దిబ్బలు తవ్వాడు. ఎప్పుడూ ఆయన నడినెత్తిమీంచి బావిలా దింపుతాడు. అడుగున ఏదైనా కుండో, ఎముకో దొరికితే తీసుకుని, గొయ్యి పూడ్పించి వెళ్ళిపోతాడు. పక్కలు ముట్టుకోడు.

"దొరక్కపోతేనో?"

ఈనస్ గిన్నె కింద పెట్టాడు. "అప్పుడు తూర్పుపక్కనించి కోయిస్తాడు. పాతకాలపోళ్ళు తూర్పు తలుపు పెట్టుకుంటారని ఆయనకో నమ్మకం."

పిల్లవాణ్ణి ముందే తీసి ఇంకెక్కడైనా పెడదామని ఈనస్ అన్నాడు. పచ్చిక కదిపితే సోమవారానికి ఆనవాలు కనపడుతుంది. ఇంకెక్కడంటే ఎక్కడ? ఇద్దరికీ సొంతమని చెప్పుకోడానికి పూలకుండీ అంత నేల లేదు. అన్నిటికన్నా డోర్కస్‌కి వాణ్ణి కదపబుద్ధి కాలేదు. నడిమధ్యనే ఏదో ఒకటి దొరుకుతుందిలే అంది. ఆ రాత్రి పొయ్యి మీది అలమరలో చెయ్యి పెట్టి మూడు కుండపెంకులు బయటికి తీసింది. రాళ్ళు ఏరేటప్పుడు ఎప్పుడో దొరికినవి. మందంగా, నల్లగా, అంచుల మీద గోటితో నొక్కినట్టు గీతలు. అయ్యగారు ఇలాంటివాటికి ప్రాణం పెడతాడని ఆమెకి తెలుసు.

సోమవారం తవ్వకం మొదలైంది. ఈనస్, జేబెజ్ పలుగులు. డోర్కస్, ఇంకొకామె మట్టి గంపలు. అయ్యగారు మడత కుర్చీ వేసుకుని, గొడుగు పాతించుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆయనకి చల్లటి కోడిమాంసం వచ్చింది. పనివాళ్ళు రొట్టెమీద పందికొవ్వు రాసుకుని గాలికి వీపు పెట్టి తిన్నారు. నా తాతముత్తాతల్ని తవ్వడానికి నాకే కూలి ఇస్తున్నాడు, ఇంత ధర్మాత్ముణ్ణి ఎక్కడా చూళ్ళేదని జేబెజ్ సణిగాడు. ఆయన తాత తవ్వించుకోకుండా పాలరాతి కింద భద్రంగా ఉన్నాడులే అంది ఆ రెండో గంపామె.

మంగళవారం మధ్యాహ్నానికి గొయ్యి మనిషిన్నర లోతుకి దిగింది. సుద్ద, మట్టి, మళ్ళీ సుద్ద. నిద్దరదిబ్బలో పడుకున్నవాళ్ళు ఎక్కడికి పోయారో తెలియదు. అయ్యగారు లేచి అటూ ఇటూ నడిచాడు. రేపు తూర్పునుంచి కోద్దామని ఈనస్‌తో అన్నాడు. ఈనస్ తలెత్తి పైన గంపతో నిలబడ్డ డోర్కస్ వైపు చూశాడు. ఆమె గొయ్యిలోకి దిగింది. మట్టి ఎత్తుకోడానికి వంగినప్పుడు గోనెపట్టా మడతలోంచి మూడు పెంకులు జార్చి, మడమతో సుద్దలోకి నొక్కింది.

అరగంటకి జేబెజ్ పారకి అవి తగిలాయి.

అయ్యగారు కోటు విప్పేసి గొయ్యిలోకి దిగాడు. యాభై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ ఆ పెంకుల్ని రుమాలుతో తుడిచాడు. మొహం చిన్నపిల్లాడిలా విప్పారింది. ఈ ముక్కలు దొరికాక ఇక ఆయన గొయ్యి పూడ్పించి ఇంటికి పోతాడని డోర్కస్ అనుకుంది. ఆమె ఎరిగిన బతుకులో కావలసింది దొరికితే చేతులు దులుపుకుని ఇంటికి పోతారు. దొరికినకొద్దీ ఇంకా కావాలనుకునేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో ఆమెకి ఎవరు చెబుతారు?

ఆయన పైకొచ్చి, కుండ ఇలా పగిలి ఉందంటే అసలు సమాధి ఇంకెక్కడో లోపలే ఉండి తీరాలన్నాడు. దిబ్బ మొత్తం తీసేయాలన్నాడు. సాయంత్రానికే గేల్ కామందుతో మాట్లాడుకున్నాడు. కామందు ఎగిరి గంతేశాడు. దిబ్బ పోతే ఆ మేరకి గోధుమ చల్లుకోవచ్చు కదా. ఇంకో ఆరుగురు మనుషుల్ని ఇస్తానన్నాడు. నిధి దొరికిందని ఊళ్ళో పుకారు పుట్టేలోపు కుక్కనీ, తుపాకీనీ ఇచ్చి తన వేట కుందేళ్ళ కాపలావాణ్ణి దిబ్బమీద పగలూ రాత్రీ కూర్చోబెట్టాడు.

ఇంటికొచ్చాక డోర్కస్ చేతులు కడుక్కోలేదు. "నేనే దారి చూపించి వాడి మీదికి తీసుకొచ్చాను," అంది. తూర్పు పక్క తను అడిగి తీసుకుంటానన్నాడు ఈనస్. మట్టితోపాటు పారతో ఎత్తి ఆమె గంపలో వేస్తాడు, పైన ఇంకాస్త మట్టి కప్పుతాడు. ఆమె మామూలుగా మోసుకుపోయి చెత్తమట్టి కుప్పకి అవతల దింపాలి. మిగతాది తర్వాత.

గురువారం ఉదయం ఈనస్ తూర్పు పక్కన నిలబడ్డాడు. అతనికి అడుగు దూరంలో గంపతో డోర్కస్. పచ్చిక చెక్కాడు. రెండు పారలు తీశాడు. మూడో పార మట్టి మీదినుంచి చూపు తిప్పకుండా, మెల్లగా, తొట్టిలోంచి పసివాణ్ణి ఎత్తినట్టు ఎత్తాడు. గంపలో వేయబోతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఆగు స్లోపర్."

అయ్యగారిది పదిహేనేళ్ళ అనుభవం. మట్టిలో గుండ్రంగా తెల్లటి సుద్ద మచ్చ ఉందంటే అక్కడెవరో చెయ్యి పెట్టారని దూరంనుంచే పట్టేస్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్ తీశాడు. ఆయన కర్ర పక్కన పెట్టడానికి వెనక్కి తిరిగిన క్షణంలో ఈనస్ పచ్చబడిన ఇత్తడి పిన్ను మట్టిలోంచి లాగి పిడికిట్లో మూశాడు. అంగీ చెయ్యి ఎప్పుడో నేలలో కలిసిపోయింది.

అప్పుడు థొరాల్డ్ అయ్యగారు ఎంత మృదువుగా పనిచేశాడో చెప్పాలి. ఊపిరి తగిలితే చెదిరిపోతాయేమో అన్నట్టు, ఒక్కో ఎముకనీ దూదిలో పెట్టాడు. పక్కటెముకలు చేపముళ్ళంత ఉన్నాయి. గంటన్నరసేపు ఆయన మోకాళ్ళ మీంచి లేవలేదు. తొమ్మిదేళ్ళ కిందట అందులో పావువంతు సేపు ఆ బిడ్డకోసం ఆయనకి దొరకలేదు. డోర్కస్ గంప పట్టుకుని పక్కనే నిలబడి చూస్తోంది.

"కొంచెం జరుగమ్మా," అన్నాడాయన తలెత్తకుండా. "వెలుగు ఆపుతున్నావు."

ఆమె జరిగింది.

సాయంత్రం గొయ్యి అడుగున, ఆ చోటే, ఆయన ఒక రేకు ముక్క పెట్టించాడు. దాని మీద ఆయన పేరూ, సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. రేపెవరైనా ఇక్కడ తవ్వితే ఇది ముందే థొరాల్డ్ చూశాడని తెలియాలట. పది మంది కూలీలు వారం తిరక్కుండా మిగతా దిబ్బని నేలమట్టం చేశారు. కాస్త బూడిద తప్ప ఏమీ దొరకలేదు.

మే నెలలో అయ్యగారు బడిగదిలో ప్రసంగం పెట్టాడు. చుట్టుపక్కల దొరలూ, దొరసానులూ ముందు కుర్చీల్లో. తవ్వినవాళ్ళు వెనక బెంచీల మీద. బల్ల మీద నల్లటి మఖమలు గుడ్డ, దానిమీద నారింజకాయంత పుర్రె. పక్కనే మూడు పెంకులు.

ఆయన చక్కగా మాట్లాడతాడు. రెండువేల ఏళ్ళ కిందట ఈ గుట్టల మీద దయ అంటే ఎరగని మనుషులు ఉండేవారని చెప్పాడు. నాయకుడు చనిపోతే, పరలోకంలో వాడి సేవకోసం అప్పుడే పుట్టిన బిడ్డని చంపి పక్కన పడేసేవారట. ఈ పెంకులు ఆ కాలానివేననడంలో సందేహం లేదు కనక, ఈ బిడ్డదీ అదే కథ. ఆ తల్లి గుండెలో ఏ వెలుగూ ఉండేది కాదని అన్నాడు. ఒక దొరసాని కళ్ళు తుడుచుకుంది. అటువంటి చీకటినుంచి మనల్ని బయటికి తెచ్చినందుకు దేవుణ్ణి స్తుతిద్దామని అందర్నీ లేచి నిలబడమన్నాడు. డోర్కస్ కూడా లేచింది. లేవకపోతే కామందు కంట్లో పడుతుంది.

బయటికొచ్చాక జేబెజ్ అన్నాడు, "చూశావా ఈనసూ, పిల్లల్ని చంపడం మన తాతల అలవాటంట. ఇప్పుడైతే ఆకలి చూసుకుంటుంది, మనం చెయ్యి చేసుకోనక్కర్లేదు." ఎప్పుడూ నవ్వే ఈనస్ నవ్వకపోవడం చూసి, ఏమైందిరా అని జేబెజ్ మెల్లిగా అడిగాడు. ఈనస్ టోపీ పెట్టుకుని ముందుకి నడిచాడు.

మర్నాడు డోర్కస్ రాళ్ళ పనికి పోకుండా, ఈనస్ దగ్గర పిన్ను తీసుకుని అయ్యగారి వంటింటి గుమ్మం ముందు నిలబడింది. ముందు గుమ్మం ఆమెలాంటివాళ్ళకి కాదు. వంటమనిషి లోపలికి వెళ్ళి చెబితే, ఆయన చేతిలో రుమాలుతో వంటింట్లోకి వచ్చాడు. డోర్కస్ దారిపొడవునా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఒక్కటే అంది.

"ఆ బిడ్డ నాది అయ్యగారూ."

ఆయన వంటమనిషిని బయటికి పంపాడు. డోర్కస్ అంతా చెప్పింది. పుట్టింది, పోయింది, పినెల్ అవ్వ, ఉత్తరపు గోడ, అంగీ చెయ్యి. పెంకులు తనే వేశానని కూడా చెప్పింది. పిన్ను బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూసి, ఇలాంటివి ఊళ్ళో ప్రతి ఆడదాని దగ్గరా ఉంటాయన్నాడు. అయినా మొహంలో రంగు మారింది. చాలాసేపు కిటికీలోంచి తోటవైపు చూశాడు. ఆ కాసేపు ఆయన నమ్మాడు. డోర్కస్ బతికున్నంత కాలం ఆ మాట మీద నిలబడింది, ఆయన నమ్మాడని.

తర్వాత ఇటు తిరిగాడు. "నువ్వు చెప్పేది నిజమైతే డోర్కస్, మీ ఇద్దరూ నేరం చేసినట్టు. నేను మేజిస్ట్రేటుకి రాయాలి. గేల్‌గారికి చెప్పాలి. మీ ఇల్లు పోతుంది, పిల్లలు పేదల కొట్టానికి పోతారు. అందుకని నేను నమ్మడం లేదు. నీ మేలు కోరే నమ్మడం లేదు, అర్థమైందా?"

అర్థమైంది. ఆ బిడ్డ మీద ఆయన రాసిన వ్యాసం అప్పటికే లండన్ పెద్దమనుషుల సంఘానికి వెళ్ళిపోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"నమ్మొద్దులెండి," అంది. "వాణ్ణి మాత్రం ఇచ్చెయ్యండి. పూడ్చుకుంటాను."

"ఎక్కడ పూడుస్తావు?" నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. "చర్చి నేలలో వీల్లేదు కదా."

ఆయన వంటమనిషిని పిలిచి, ఈమెకి కాస్త వేడి సూపు పొయ్యి, ఒంట్లో బాగాలేదు అన్నాడు. పిన్ను బల్ల మీదే ఉండిపోయింది. ఇంటికి సగం దారిలో గుర్తొచ్చింది కానీ, వెనక్కి పోలేదు.

పై మంగళవారం అయ్యగారు ఈనస్‌కి ఒక చెక్కపెట్టె ఇచ్చి పెద్దరోడ్డు దాకా మోసుకెళ్ళి సరుకుల బండికి ఎక్కించమన్నాడు. జిల్లా పట్నంలో మ్యూజియానికి. మూత మేకులు కొట్టి, పైన లక్కముద్రలు వేసి ఉంది. లోపలున్నవాటికి జాబితా రాసి అప్పుడే టపాలో పంపేశారు. ఈనస్ దాన్ని భుజాన కాకుండా రెండు చేతుల్లో పట్టుకుని బయల్దేరాడు. మూడు మైళ్ళు. వెనకాల డోర్కస్ నడిచింది. శవపేటిక కనపడితే టోపీ తీస్తారు, కానీ దారిలో ఎదురైనవాళ్ళెవరూ తియ్యలేదు. పెట్టెని చూసి తియ్యడానికి వాళ్ళకేం తెలుసు?

బండివాడు పెట్టె అందుకుని, ఇంత తేలిగ్గా ఉందేమిటి, ఖాళీదా అని అడిగాడు. కాదన్నాడు ఈనస్. బండివాడు దాన్ని వెన్న బుట్టలకీ, ఒక జత బూట్లకీ మధ్య దూర్చి గుర్రాన్ని అదిలించాడు. అప్పటికే సగం పూట పోయింది. ఇద్దరూ పొలం దారిన మళ్ళీ పనికి వచ్చేశారు.

ఆ శరదృతువులో కామందు దిబ్బ ఉన్న చోట గోధుమ చల్లాడు. తర్వాతి ఏడు ఆ జాగాలో కూడా రాళ్ళు పైకి తేలాయి. ఆడవాళ్ళు మొదటి రాయి చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చూసి, అన్నిటితోపాటే ఒళ్ళో వేసుకున్నారు. ఆ అలవాటు అంతటితో పోయింది.

రెండేళ్ళకి ఒక సోమవారం, డోర్కస్ ఒక రోజు పని మానుకుని పదహారు మైళ్ళు నడిచి జిల్లా పట్నం వెళ్ళింది. మ్యూజియంలోకి దాని సంఘం సభ్యుల్నీ, వాళ్ళ చేతి ఉత్తరం ఉన్నవాళ్ళనీ మాత్రమే రానిస్తామని గుమ్మం దగ్గరి ముసలాయన చెప్పాడు. ఆమె వెళ్ళిపోకుండా మెట్టుమీద కూర్చుంది. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగాడు. చెప్పింది. ఆయన కూడా ఒకప్పుడు గొర్రెలు కాసినవాడే. చుట్టూ చూసి, పక్క తలుపు తీశాడు.

"ఏం చూడాలమ్మా? తొరగా చూసుకుని పో."

"ఎల్‌కూంబ్ నించి వచ్చిన బిడ్డ."

ఆయన ఆమెని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఎత్తయిన చెక్కబీరువా ముందు నిలబెట్టాడు. ఒక్కొక్క సొరుగే లాగాడు. దూది మీద చిన్న చిన్న ఎముకలు, ఒక్కొక్కదాని పక్కనా ఒక చీటీ.

"బిడ్డలైతే పద్నాలుగు మంది ఉన్నారు," అన్నాడు. "మీ జిల్లా అంతటినించీ వచ్చారు. ఇందులో ఏదో మరి, చదువుకో."

డోర్కస్‌కి చదువు రాదు. ఆయన్నే చదవమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయనకి అంకెలు తెలుసు, అంతే.

ఆమె మొదటి సొరుగు దగ్గర నిలబడి చూసింది. రెండోది చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి, సుద్దలా తెల్లగా. తొమ్మిదోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడింది, కానీ పదకొండోది కూడా అంతే ఉంది. వీళ్ళలో ఇంకెంతమంది ఏ ఉత్తరపు గోడ వద్దనుకుని ఏ దిబ్బలోకి వచ్చారో అన్న ఆలోచన అప్పుడామెకి వచ్చింది. అడిగితే చెప్పగలవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ముందు గదిలో ఎవరిదో బూట్ల చప్పుడైంది. ముసలాయన గబగబా సొరుగులు మూసేసి, పక్క తలుపులోంచి ఆమెని బయటికి పంపాడు.

వాన పడుతోంది. చీకటి పడేలోపు పదహారు మైళ్ళు నడవడం కుదరదు. ఆమె నడక మొదలుపెట్టింది.